గుండె జబ్బని కూర్చోబెట్టకండి

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ నేను మీకు ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. ఆ ఉత్తరం రాసింది నేనే. ఒకసారి కాదు, ఏడాదికొకటి చొప్పున అయిదుసార్లు రాశాను. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారి పేర రాసినది. "అయ్యా, మా అమ్మాయికి గుండె ఆపరేషన్ జరిగినది. కావున ఆటలకు, డ్రిల్లుకు పంపవద్దని కోరుతున్నాము." అంతే అందులో ఉన్నది. మా అక్కయ్యకు రాత అంతగా రాదు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని, పైగా అప్పుడప్పుడూ రేడియోలో మాట్లాడేదాన్ని కనుక, మా ఇంట్లో ఎవరికి ఏ కాగితం రాయాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆ ఉత్తరం రాసిన ప్రతిసారీ పిల్లను కాపాడుతున్నాననే అనుకున్నాను. నేను చేసింది తప్పని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

మా అక్కయ్య కూతురుని ఇంట్లో చిట్టి అని పిలుస్తాం. పుట్టుకతోనే దాని గుండెలో కింది రెండు గదుల మధ్య గోడకు చిల్లు ఉండేది. పసితనంలో ఎప్పుడు చూసినా జలుబు, దగ్గు, ఎగపోత. నాలుగు మెతుకులు తింటే అలసిపోయేది. బావగారు కిరాణా కొట్లో గుమస్తా. గుండె ఆపరేషనంటే లక్షల మాట. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాక, తెల్లరేషన్ కార్డున్న ఇళ్లలో ఇటువంటి పిల్లలు ఎందరికో దారి దొరికింది. మా చిట్టికి 2009లో, ఆరో ఏట, హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఆ చిల్లు మూసివేశారు. చేతిలోంచి రూపాయి పడకుండా పిల్లను ఇంటికి తెచ్చుకున్నాం. ఆ చేసిన చేతులకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటుంది మా అక్కయ్య.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఆనాడు ఆపరేషన్ బల్లమీద పడుకున్న ఆ పసిపిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. కాలేజీల్లో చదువుతున్నారు, ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, పెళ్లీడుకొచ్చారు. గుండెకు వైద్యం చేయించాం సరే, ఆ తరవాత ఆ మనిషి ఎలా నడవాలి, ఎంత పరుగెత్తాలి, ఏ బరువు ఎత్తాలి? ఆ సంగతి మనం ఎవరినీ అడగలేదు. అడగకుండా మనకు తోచింది మనం చేశాం. మనకు తోచేది ఒక్కటే కదా: కదలనివ్వకపోవడం.

నిజం చెప్పాలంటే డాక్టరుగారు ఆనాడే చెప్పారు. "కోసిన ఛాతీ ఎముక అతుక్కునేదాకా రెండు మూడు నెలలు జాగ్రత్త, తరవాత అందరి పిల్లల్లాగే ఆడుకోనివ్వండి" అన్నారు. మాకు మొదటి సగం వినబడింది, రెండో సగం వినబడలేదు. భయం ఉన్నచోట చెవి అలాగే పనిచేస్తుంది కాబోలు. దానితో చిట్టి తాడాట ఆడలేదు, తొక్కుడుబిళ్ల ఆడలేదు, సైకిలు ఎక్కలేదు. పండగకు అందరూ మేడమీద గాలిపటాలెగరేస్తుంటే అది కింద అరుగుమీద కూర్చుని తల పైకెత్తి చూసేది. మంచినీళ్ల బిందె కూడా ముట్టనిచ్చేవాళ్లం కాదు.

2023లో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా దాని తరగతి గది రెండో అంతస్తుకు మారింది. వారం తిరక్కుండా ఇంటికొచ్చి, "పిన్నీ, మెట్లెక్కుతుంటే గుండె దడదడమంటోంది, ఊపిరి అందడం లేదు" అన్నది. ఇంటిల్లిపాదికీ పైప్రాణాలు పైనే పోయాయి. చిల్లు మళ్లీ తెరుచుకుందన్నది మా అక్కయ్య. సరిగ్గా అప్పుడే ఒక సంబంధం వచ్చి ఉంది. ఆ పెళ్లివారి తరఫు ఆవిడ ఎక్కడ విన్నదో, "అమ్మాయికి మెట్లెక్కితే ఆయాసమటగా?" అని అడిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

పరీక్షకు తీసుకువెళ్లాం. గుండె స్కానింగ్ తీశారు. చిల్లు మూసినచోట మూసినట్టే ఉంది. గుండె కొట్టుకోవడం బాగుంది, ఊపిరితిత్తుల వైపు రక్తపు ఒత్తిడి బాగుంది. తరవాత నడిచే బెల్టు, అదే ట్రెడ్‌మిల్, దానిమీద నడిపించారు. మూడేసి నిమిషాలకొకసారి ఆ బెల్టు వేగమూ పెరుగుతుంది, ఏటవాలూ పెరుగుతుంది. ఇరవయ్యేళ్ల పిల్ల ఆరు నిమిషాలు నిలవలేక దిగిపోయింది.

అప్పుడా డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాట నేను మరిచిపోలేను. "గుండెకేమీ లేదమ్మా. గుండెను ఎప్పుడో బాగుచేశారు. కాళ్లకే పని చేతకావడం లేదు. పద్నాలుగేళ్లుగా ఈ పిల్లను మీరే రోగిని చేసి కూర్చోబెట్టారు" అన్నారు. బడిలో ఆటలాడలేదా అని అడిగారు. చిట్టి నా వంక చూసింది. నేను నేల చూపులు చూశాను.

కదలకపోతే మనిషి ఎంత తగ్గిపోతాడన్నది ఊరికే అంటున్న మాట కాదు. అమెరికాలో డల్లాస్ నగరంలో 1966లో ఒక పరీక్ష చేశారు. ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను అయిదుగురిని మూడువారాలపాటు మంచం దిగకుండా పడుకోబెట్టారు. మూడువారాలు గడిచేసరికి వాళ్ల ఒంట్లో శ్రమచేసే శక్తి నాలుగోవంతుకు పైగా పడిపోయింది. విచిత్రం ఏమంటే, ముప్ఫై ఏళ్ల తరవాత వాళ్లకు యాభయ్యేళ్లు వచ్చాక మళ్లీ ఆ అయిదుగురినే పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆనాటి మూడువారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది! మంచి గుండె ఉన్నవాళ్లకే మూడువారాలకు అంత జరిగితే, ఏళ్ల తరబడి కూర్చోబెట్టిన మా చిట్టి సంగతి వేరే చెప్పాలా?

అయితే ఈ తప్పు మన ఆడవాళ్లదే అనుకోకండి. పెద్ద పెద్ద వైద్యులు కూడా చాలాకాలం ఇదే తప్పు చేశారు. వెనకటి రోజుల్లో గుండెపోటు వచ్చినవారిని ఆరువారాలపాటు మంచంలో కదలకుండా పడుకోబెట్టేవారు. సొంతచేత్తో అన్నం తిననిచ్చేవారు కాదు. 1952లో లెవిన్, లౌన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ధైర్యం చేసి, మంచంమీంచి లేపి వాలుకుర్చీలో కూర్చోబెట్టి చూశారు. ఏ ప్రమాదమూ రాకపోగా మనుషులు తొందరగా తేరుకున్నారు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనను చూసిన డాక్టర్ వైట్, నడక ఎంతో మేలని గట్టిగా నమ్మిన మనిషి. ఐసెన్‌హోవర్ కోలుకుని మరుసటి సంవత్సరం మళ్లీ ఎన్నికల్లో నిలబడి గెలిచారు కూడాను.

ఇంకొకటి మనకు బాగా అర్థమయ్యేది చెబుతాను. హైదరాబాదులో డబుల్ డెక్కర్ బస్సు ఎక్కినవాళ్లకు కండక్టరు అవస్థ తెలిసే ఉంటుంది. పైకీ కిందకీ తిరుగుతూనే ఉండాల్సి వచ్చేది. లండన్‌లో అటువంటి బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చిచూసి, డాక్టర్ మోరిస్ అనే ఆయన 1953లో ఒక సంగతి బయటపెట్టారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువ. వచ్చినా కొంత ఆలస్యంగా, కొంత మెత్తగా వచ్చింది. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే బస్సు. తేడా అంతా మెట్లలోనే ఉంది.

ఇదెలా జరుగుతుందని నేనూ అడిగాను. డాక్టరమ్మ మన భాషలోనే చెప్పారు. కొత్తగా పనికి కుదిరిన మనిషి నాలుగు బిందెలు మోయడానికి నాలుగుసార్లు ఆగుతుంది. నెల తిరిగేసరికి అదే మనిషి ఆగకుండా మోస్తుంది. ఆమె గుండె మారిపోయిందా? కండ పని నేర్చుకున్నది. అలవాటుపడిన కండ రక్తంలోంచి ప్రాణవాయువును బాగా తీసుకుంటుంది. అందుచేత అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. అంటే కాళ్లు బలపడితే గుండెకు చాకిరీ తగ్గుతుందన్నమాట. పైగా రక్తపుపోటు, చక్కెర, కొవ్వు అదుపులోకి వస్తాయి. రక్తనాళాలు మెత్తగా సాగుతాయి. అన్నిటికంటే ముఖ్యం, మనిషికి భయం తగ్గుతుంది.

సరే, చిట్టికి డాక్టరమ్మ ఏం చెప్పారంటే: మొదటి వారం పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, చదునైన నేలమీద నడక. కొద్దికొద్దిగా పెంచుకుంటూ రెండు నెలలకు రోజూ అరగంట, వారానికి అయిదు రోజులు. ఆ తరవాత ఒక అంతస్తు మెట్లు. ఆ తరవాత లీటరు నీళ్లసీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తి దించడం. అరగంట చొప్పున అయిదు రోజులంటే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా అదే: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, దీర్ఘవ్యాధులున్న పెద్దలకు కూడా, వాళ్ల వాళ్ల ఓపికను బట్టి. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినా మంచిదే. ఏమీ చేయకపోవడం కంటే కొంచెం మేలు.

ఇంటికి రాగానే యుద్ధం మొదలైంది. మా అక్కయ్య వల్లకాదన్నది. నేను సర్దిచెప్పబోతే, "నీకేమే, రేడియోలో చెప్పడానికి బాగానే ఉంటుంది. దాని ఛాతీ కోస్తున్నప్పుడు ఆ తలుపు బయట కూర్చున్నది నేను" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. తల్లి భయాన్ని మాటలతో తీసెయ్యలేం. చివరకు చిట్టే అన్నది, "అమ్మా, నువ్వు కూడా నా పక్కనే నడు. నాకేమన్నా అయితే నువ్వే పట్టుకో" అని. అలా తల్లీకూతుళ్లిద్దరూ మా ఊరి కాలువగట్టు మీద నడక మొదలుపెట్టారు.

ఇక్కడ ఇంకో పక్క కూడా చెప్పకపోతే నేను మళ్లీ తప్పు చేసినదాన్నవుతాను. మా మరిదికి ముప్ఫై తొమ్మిదో ఏట గుండెపోటు వచ్చింది. బట్టలకొట్టు. పొద్దున తొమ్మిదింటికి గల్లాపెట్టె ముందు కూర్చుంటే రాత్రి తొమ్మిదింటికి లేవడం. మధ్యలో సిగరెట్లు, టీలు. మన దేశంలో ఇది చిన్నవయసులోనే వస్తోందని మీరూ వింటున్నారు. 52 దేశాలలో జరిపిన పరిశోధనలో దక్షిణాసియా ప్రాంతం వారికి మొదటి గుండెపోటు ఇంచుమించు 53 ఏళ్లకు వస్తుంటే, మిగతా దేశాల వారికి 59 ఏళ్లకు వస్తున్నట్టు తేలింది. మా మరిదికి మూసుకుపోయిన నాళం తెరిచి స్టెంటు వేశారు. నాలుగు రోజుల్లో ఇంటికొచ్చాడు. "పైపు శుభ్రం చేశారు వదినా, ఇంక నాకేం ఢోకా లేదు" అన్నాడు. అయిదోవారం కుర్రాళ్లతో కలిసి షటిల్ ఆడటానికి వెళ్లాడు. ఒళ్లు వేడెక్కించుకోవడం లేదు, ఏమీ లేదు, దిగీదిగగానే పందెం ఆట. పది నిమిషాల్లో ఛాతీ బిగబట్టి, చెమటలు పోసి, కోర్టులోనే కూలబడ్డాడు. నాలుక కింద మాత్ర పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అదృష్టం బాగుండి కొత్తగా నాళం మూసుకోలేదు. డాక్టరుగారు మాత్రం గట్టిగానే చివాట్లు పెట్టారట. ఆయనకూ నడకే, చిట్టిలాగే పది నిమిషాలతో మొదలు.

చూశారా, ఒకరిని అతిగా కూర్చోబెట్టాం. ఒకరు అతిగా పరుగెత్తారు. మందుకు మోతాదున్నట్టే నడకకూ మోతాదుంది. ఆ మోతాదు చెప్పవలసింది డాక్టరు. నేను చెప్పేవి ఆ తరవాత ఇంట్లో పాటించవలసినవి.

మొదటిది, శ్రమ సరిగ్గా ఉందా లేదా తెలుసుకోవడం. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. నడుస్తూ పక్కమనిషితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. పాట పాడగలిగితే నడక చాలలేదన్నమాట. మాట కూడా తెగిపోతుంటే ఎక్కువైందన్నమాట. నాడి పట్టి లెక్కబెడతామంటారు కొందరు. గుండె జబ్బుకు వాడే కొన్ని మాత్రలు నాడిని ఎప్పుడూ నెమ్మదిగానే ఉంచుతాయి కనుక ఆ లెక్క మోసం చేయవచ్చు. మాట పరీక్షే మేలు.

రెండోది, మొదలూ చివరా. మొదటి అయిదు పది నిమిషాలు మెల్లగా నడవాలి. చివర్న కూడా అంతే. గభాలున ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. అన్నం తిన్న వెంటనే నడవకండి. మన రోహిణీకార్తె ఎండలు మీకు చెప్పాలా? ఆ రోజుల్లో పొద్దెక్కకముందే నడక ముగించాలి, లేదా ఇంట్లోనే వసారాలో అటూ ఇటూ తిరగాలి. జ్వరం వచ్చినప్పుడు పూర్తిగా మానెయ్యాలి. కొన్ని జ్వరాలు గుండె కండనే వాపెక్కిస్తాయి, అటువంటప్పుడు శ్రమ ప్రమాదం.

మూడోది, ఊపిరి బిగబట్టకపోవడం. నిండు బక్కెట్టు, బియ్యం మూట, గ్యాసు సిలిండరు ఎత్తేటప్పుడు మనం ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున లేపుతాం. అప్పుడు రక్తపుపోటు ఒక్కసారిగా పైకెగురుతుంది. తేలికైన బరువు, ఊపిరి వదులుతూ ఎత్తాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, కృత్రిమ కవాటం పెట్టించుకున్నవారు కబడ్డీలాంటి తోపులాట ఆటలకు దూరంగా ఉండాలి. వారికి దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగదు.

నాలుగోది, ఎప్పుడు ఆపాలో తెలియడం. ఛాతీలో బిగువు గాని, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి గాని, కళ్లు తిరగడం గాని, గుండె లయ తప్పి కొట్టుకోవడం గాని, ఎప్పుడూ లేనంత ఆయాసం గాని వస్తే అక్కడే కూర్చోవాలి. "ఇంకొంచెమే కదా, ఇంటికెళ్లి కూర్చుందాం" అనకూడదు. నొప్పి తగ్గకపోతే 108కి ఫోను చెయ్యాలి. శ్రమచేస్తూ ఒక్కసారి స్పృహ తప్పినా, కాసేపటికి బాగైపోయినా సరే, డాక్టరుకు చూపించకుండా మళ్లీ నడక మొదలుపెట్టకూడదు.

అన్ని గుండె జబ్బులూ ఒకటి కావు, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. గుండె కండ మందంగా పెరిగే జబ్బు ఉన్నవారు, గుండె నుంచి బయటికి పోయే కవాటం బాగా ఇరుకైనవారు, ఊపిరితిత్తుల రక్తపుపోటు ఎక్కువగా ఉన్నవారు, పెదవులు నీలమయ్యేవారు తమంతట తాము ఏదీ మొదలుపెట్టకూడదు. వాళ్లకూ చేయగలిగింది కొంత ఉంటుంది. అది పరీక్ష చేసినవారే చెప్పాలి.

కీళ్లవాత జ్వరం వల్ల కవాటాలు చెడిన అమ్మాయిలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. చిన్నప్పుడు గొంతునొప్పి, తరవాత కీళ్లవాపులు వచ్చి తగ్గిపోతాయి. పదేళ్లు పోయాక ఆయాసం మొదలవుతుంది. అత్తవారింట్లో దానిని బద్ధకం అంటారు. నిజానికి ఆ పిల్లకు కవాటం ఇరుకై ఉంటుంది. కనుక ఒక మాట వినండి. మా చిట్టికి ఆయాసం అలవాటు లేకపోవడం వల్ల వచ్చింది. ఇంకొకరికి అది జబ్బు ముదరడం వల్ల రావచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా పరీక్షలోనే తెలుస్తుంది. నడవమని తోసెయ్యకూడదు, కూర్చోమని కట్టెయ్యకూడదు. ముందు పరీక్ష చేయించాలి. ఇటువంటివారికి మూడు నాలుగు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షను తప్పకూడదు. గర్భం వచ్చిందంటే ఒంట్లో రక్తం పరిమాణం పెరిగి ఇరుకు కవాటానికి భారమవుతుంది కనుక, ముందే డాక్టరు సలహా తీసుకోవాలి.

"ఇంటిచాకిరీ చేస్తూనే ఉన్నాం కదా, మళ్లీ నడక ఎందుకు?" అని అడుగుతారు మన ఆడవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. ఇల్లు తుడవడం, నీళ్లు మోయడం, బట్టలుతకడం శ్రమే, కాదనను. కాని పొయ్యి ముందు రెండు గంటలు నిలబడటం అలసటే తప్ప వ్యాయామం కాదు. ఒక పని మధ్యలో పది పనులు పడి, ఆగి ఆగి చేసినా, ఊపిరి కాస్త వేగంగా ఆడేంత శ్రమైతే అది లెక్కలోకి వస్తుంది. అయినా డాక్టరు చెప్పిన మోతాదు ఒక పద్ధతిగా సాగాలి. ఇక అసలు కష్టం వేరే ఉంది. మగవాడికి గుండెపోటు వస్తే ఇల్లంతా కలిసి అతన్ని నడకకు పంపుతుంది. ఆడదానికి వస్తే, ఆ అరగంట పాలు ఎవరు కాచాలి, పిల్లల డబ్బాలు ఎవరు సర్దాలి అనే ప్రశ్న వస్తుంది. మా మరిది నడకకు వెళితే తోటికోడలు కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టేది. మీ ఇంట్లో కోడలికో కూతురికో ఈ జబ్బుంటే, ఆ ఫ్లాస్కు మీరు పట్టుకోండి. వీధిలో కుక్కలూ, చీకటీ ఉన్నచోట ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. అదీ కుదరకపోతే డాబామీద నడిచినా గుండెకు తేడా తెలియదు.

యోగాసనాల సంగతి కూడా అడుగుతుంటారు. మన దేశంలోనే 24 ఆసుపత్రులలో, గుండెపోటు నుంచి కోలుకుంటున్న 3,959 మందితో ఒక పెద్ద పరిశోధన చేశారు. మూడు నెలల్లో 13 తరగతులు. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. యోగా నేర్చుకున్నవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, తమ వెనకటి పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. అయితే మళ్లీ గుండెపోటు రావడం, మరణాలు తగ్గినట్టు మాత్రం అందులో గట్టిగా రుజువు కాలేదు. కనుక యోగా మంచిదే, దాన్ని చూసుకుని మాత్రలు మాత్రం మానకండి.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు కాగితంమీద రాసుకుని వెళ్లండి. నేను ఏ పనులు చేయవచ్చు? ఏవి చేయకూడదు? ఎంతతో మొదలుపెట్టి ఎంతదాకా పెంచవచ్చు? మళ్లీ పరీక్షకు ఎప్పుడు రావాలి? "జాగ్రత్తగా ఉండండి" అన్న ఒక్కమాటతో లేచి రాకండి. జాగ్రత్త అంటే ఏమిటో విడమరిచి అడగండి. ఆ మాట విడమరిచి అడగకే మేము పద్నాలుగేళ్లు పోగొట్టుకున్నాం.

మొన్న చిట్టి ఒక సంగతి చెప్పింది. షాన్ వైట్ అని అమెరికా ఆటగాడట. పుట్టుకతో గుండెలో లోపం, ఏడాది నిండకముందే రెండుసార్లు ఆపరేషన్. ఆయన మంచుకొండలమీద పలక ఎక్కి జారే ఆటలో 2006, 2010, 2018 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చుకున్నాడట. "పిన్నీ, వాళ్ల పిన్ని ఉత్తరం రాయలేదు కాబోలు" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు మాత్రం గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే.

నడక మొదలుపెట్టిన ఆరు నెలలకు చిట్టిని మళ్లీ ఆ బెల్టుమీద నిలబెట్టారు. ఈసారి తొమ్మిదిన్నర నిమిషాలు నడిచింది. పతకం రాలేదు, పేపర్లో పడలేదు. రెండో అంతస్తు తరగతికి స్నేహితురాళ్లతో మాట్లాడుతూ ఎక్కుతోంది, అంతే. ఇంకో సంబంధం వచ్చినప్పుడు ఆపరేషన్ సంగతి తనే ముందుగా చెప్పింది. ఆ సంబంధం కుదరలేదు. మా అక్కయ్య కన్నీళ్లు పెట్టుకుంది. చిట్టి మాత్రం, "దాచిపెట్టి వెళితే అక్కడ కూడా నన్ను కూర్చోబెడతారమ్మా" అన్నది. ఇప్పుడు బి.ఇడి. చదువుతోంది. బళ్లో టీచరైతే ఆటల పీరియడు తనే అడిగి తీసుకుంటుందట.

మొన్న ఆదివారం సాయంత్రం వాళ్లతోపాటు నేనూ కాలువగట్టు మీదికి వెళ్లాను. కాసేపటికి చూస్తే చిట్టి ముందుంది, వెనకాల మా అక్కయ్య, ఆ వెనకాల నేను. "ఒసేయ్, కాస్త ఆగవే, మాకు ఆయాసమొస్తోంది" అని అరిచింది మా అక్కయ్య. చిట్టి వెనక్కి తిరిగి నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడింది, మేము వచ్చేదాకా.

మీ ఇంట్లో గుండెమీద గాటు ఉన్న పిల్లో పిల్లాడో ఉంటే, ఒక్కసారి డాక్టరును అడగండి. అనుమతి ఇస్తే ఆ పిల్లల్ని లేవనివ్వండి. ఆ డ్రిల్లు మాస్టారు ఎప్పుడో రిటైరయ్యారు. ఆయనకు నేను రాయవలసిన ఆరో ఉత్తరం ఇలా మీకు చదివి వినిపించాననుకోండి.